స్లో కుక్కర్ పెట్టి చర్చికి వెళ్లిన ఆదివారం

ఇబ్రహీంపట్నంలో పొలాలన్నీ వెంచర్లవుతున్న రోజులు. నాకు పెళ్లయిన కొత్త. మా ఆయన ఆఫీసువాళ్లు సన్నటి వేడి మీద గంటల తరబడి తనంతట తానే వండే స్లో కుక్కర్ కానుకగా ఇచ్చారు. ఆ ఆదివారం పాస్టర్ గారి కుటుంబం మా ఇంటికి భోజనానికి రావాలి. ఫ్రూట్ కాబ్లర్ అనే తీపి వంటకం చేద్దామని మామిడిపండు ముక్కల మీద మైదా, పాలు, వెన్న కలిపిన పిండి పోసి స్విచ్ వేశాను. అత్తమ్మ ఇంటికి తాళం వేసింది. చర్చికి వెళ్లాం.

పాట మొదలవగానే నాకు దడ పట్టుకుంది. మనిషి లేని ఇంట్లో కరెంటు కుక్కర్! మాడిపోతే? ఇల్లే అంటుకుంటే? పాస్టర్ గారు చెప్పిన వాక్యం ఒక్క ముక్క చెవికెక్కలేదు. "ప్రభువా, అది వేడెక్కకుండా చూడు" అని కళ్లు మూసుకుని వేడుకున్నాను.

ఆరాధన ముగియగానే ఇంటికి పరుగెత్తాను. పొగ లేదు, వాసనా లేదు. మూత తీస్తే పిండి పచ్చిగానే ఉంది. కుక్కర్ చల్లగా ఉంది.

వెనకే వచ్చిన అత్తమ్మ అంది: "ఇల్లు ఇడిసి పోయేటప్పుడు బటన్లన్నీ బంద్ జెయ్యాలె బిడ్డా. నువ్వు మర్శినవ్, నేనే జేసిన."

అంతలో గేటు చప్పుడైంది. అత్తమ్మ ఆ పిండినీ ముక్కల్నీ కలిపేసి పెనం మీద అట్లు పోసింది. పాస్టరమ్మ ఇంకొకటి అడిగి మరీ వేయించుకుంది.

అప్పటినుంచి నేను దేవుణ్ని ఏం కోరినా, మాటను ముందే సరిచూసుకుని కోరుతున్నాను.