మాట ఒకటే, సంతకాలు రెండు వందల పదకొండు

రవాణా శాఖ కార్యాలయం గేటు పక్కన ఒక నోటీసు బోర్డు ఉంది. దానికి అద్దం తలుపు, ఆ తలుపుకు తాళం. తాళంచెవి ఏ అధికారి హయాంలో పోయిందో ఆ శాఖకే తెలియదు. అందుకని కాగితాలన్నీ అద్దం మీదే అంటిస్తారు. లోపల మాత్రం తొమ్మిదేళ్ళ నాటి సెలవుల జాబితా ఒకటి చాలా భద్రంగా ఉంటుంది. ఆ బోర్డు ముందు నిలబడి చదివేవాళ్ళు తక్కువ. తలెత్తి మొదటి వాక్యంలో సగం దాకా వెళ్ళి, ఊపిరాడక, రోడ్డు దాటి ఎదురుగా ఉన్న జిరాక్స్ కొట్లోకి వచ్చేస్తారు.

"వదినా, ఆ కాగితం ఏమంటోంది?"

వీధి మొత్తానికీ ఆమె వదినే. ఆమెకన్నా పదేళ్ళు పెద్దయిన రిటైర్డ్ టీచరమ్మ కూడా వదినా అనే పిలుస్తుంది. ఇంతమందికి అన్నయ్య అయిన ఆ ఒక్క మనిషీ ఎవరని మాత్రం ఎవరూ ఆరా తీయలేదు.

కొట్లో రెండు యంత్రాలు. పెద్దది బుద్ధిమంతురాలు. చిన్నది అలుగుతుంది, పక్కన ఒక్క చరుపు చరిస్తే గాని కాగితం వదలదు. ఆ రెంటి మధ్యా స్టూలు వేసుకుని కూర్చుని వదిన సర్కారు భాషను మనుషుల భాషలోకి దించుతుంది.

"'సదరు ప్రతిపాదనపై అభ్యంతరములు, సూచనలు ఏవైనా ఉన్నయెడల ముప్పది దినములలోపు లిఖితపూర్వకముగా గాని, దూరవాణి ద్వారా గాని తెలుపవలెను.' అంటే ఏం లేదు. వాళ్ళొకటి చేద్దామనుకుంటున్నారు. ఇంకా చెయ్యలేదు. నీకేమన్నా ఇబ్బందుంటే నెల్లోపల చెప్పుకో. రాసినా సరే, ఫోన్ చేసినా సరే. ఆ తర్వాత తిట్టుకుంటే నోరు నొప్పి తప్ప ఏం మిగల్దు."

ఈ విద్య ఆమెకు ఊరికే అబ్బలేదు. కొట్టు పెట్టిన కొత్తల్లో రోడ్డు వెడల్పు చేసే నోటీసు ఒకటి పడింది. "నీ సెలూను పోతోంది తమ్ముడూ," అని పక్క కొట్టు సెలూను తమ్ముడికి గాభరాగా చెప్పేసింది. అతను మధ్యాహ్నానికల్లా కుర్చీ, రెండు అద్దాలు ఊడదీసి బావమరిది ఇంటికి చేరవేశాడు. దారిలో ఒక అద్దం పగిలింది. సాయంత్రం టీచరమ్మ వచ్చి, ఆ నోటీసుకు రెండో పేజీ ఉందనీ, ఇది ఆలోచన మాత్రమేననీ, ముందు జనం మాట వింటామని అందులో రాసి ఉందనీ చెప్పింది. పొద్దస్తమానం కాగితాలు తిరగేసే మనిషి రెండో పేజీ చూడలేదంటే వీధి నవ్వకుండా ఊరుకుంటుందా? అప్పట్నించి వదిన ఏ నోటీసునైనా చివరి పేజీ నుంచి మొదలుపెడుతుంది. వచ్చినవాళ్ళకు ఒకటే సలహా: "ఎవరి ఇబ్బంది వాళ్ళు, వాళ్ళ నోటితో చెప్పుకోండి. గొప్ప మాటలు అక్కర్లేదు."

ఒక సోమవారం కార్యాలయంలో ఉత్తరాలు తీసుకునే గుమాస్తా ఒక కాగితంతో వచ్చాడు. "ఇరవై కాపీలు వదినగారూ, కాస్త తొందరగా." పెద్ద యంత్రంలో పెట్టి మీట నొక్కాక, బయటికొస్తున్న కాపీని వదిన అలవాటుగా చదివింది. ఈ వీధిలోని బస్సు స్టాపును ఎత్తివేసి, పెద్ద కూడలిలోని స్టాపులో కలిపివేయుటకు ప్రతిపాదించడమైనది. ముప్పది దినములు. ఆ కాగితాన్ని చేతిలోనే పట్టుకుని ఉండిపోయింది. గుమాస్తాకు పంతొమ్మిదే ఇచ్చి పంపింది.

కారణం ఆమె భర్త. ఆయన పెద్దాసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. పెళ్ళయిన ఆరో ఏట ఆయన చూపు పోయింది. మొదట అక్షరాలు, తర్వాత ముఖాలు, ఆఖరికి కిటికీ. ఒక ఏడాది ఇంట్లోనే కూర్చున్నాడు. ఆ ఏడాది సంగతి ఇద్దరూ మాట్లాడుకోరు. తర్వాత ఆపరేటరు పని నేర్చుకున్నాడు, చేతికర్ర అలవాటు చేసుకున్నాడు, ఇంటి గుమ్మం నుంచి బస్టాపు దాకా అడుగులు లెక్కపెట్టుకున్నాడు. డెబ్భై మూడు. రోడ్డు దాటే పని లేదు. మొదటి నెలంతా వదిన ఆయనకు తెలియకుండా పదడుగుల వెనక, దొంగలా, ఊపిరి బిగబట్టి నడిచింది. నెలాఖరున ఒకరోజు ఆయన బస్సు మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తిరక్కుండానే, "ఏమోయ్, నీ ఎడం చెప్పు కిర్రుమంటోంది. కుట్టించుకో," అన్నాడు. స్టాపులో ఉన్నవాళ్ళంతా ఆమె కాళ్ళకేసి చూశారు. వదిన ఇంటికెళ్ళి తలుపేసుకుని కాసేపు సిగ్గుపడింది, కాసేపు ఏడ్చింది, మళ్ళీ వెంట వెళ్ళలేదు. పదకొండేళ్ళుగా ఆయన ఒక్కడే వెళ్తున్నాడు, ఒక్కడే వస్తున్నాడు.

కూడలి అంటే నాలుగు వందల మీటర్లు, రెండు రోడ్లు, సిగ్నలు లేని ఒక మలుపు. అక్కడికి ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాలి. స్టాపు కదిలితే బస్సు ఎక్కడికీ పోదు. ఆయన ఒంటరిగా వెళ్ళడమే పోతుంది.

ఇంట్లో ఆమె ఒక్క మాట చెప్పలేదు. కొట్లో కూర్చుని ఉత్తరం రాసింది. భయపడ్డ మనిషికి సొంత గొంతు రాదు కాబోలు, ఎన్నడూ లేనిది సదరు అని మొదలుపెట్టి ప్రార్థించుచున్నాము అని ముగించింది. వృద్ధులు, మహిళలు, విద్యార్థులు అందరూ అందులో ఉన్నారు. ఆయన లేడు. ఆయన్ను అడ్డం పెట్టుకుని జాలి అడిగినట్టుంటుందని రాయలేదు. ఆ ఉత్తరానికి కాపీలు తీసింది. జిరాక్స్ కొట్టావిడకు ఏ కష్టానికైనా తోచే మందు అదే. ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించి, ఇరవై ఏడో రోజున కట్ట కట్టి, గుమాస్తా బల్ల మీద చప్పుడయ్యేలా పెట్టింది.

గుమాస్తా నాలుగు కాగితాలు తిరగేసి, ఒక్క రసీదు రాసిచ్చాడు.

"ఒకటేంటి? రెండొందల పదకొండు. లెక్కపెట్టి తెచ్చా."

"సంతకాలు రెండొందల పదకొండు వదినగారూ. మాట ఒకటే. ఒకే మాట ఎంతమంది చెప్పినా ఒక్క సూచన కిందే రాయాలి. రూలు. పక్కన సంతకాల సంఖ్య వేస్తాలెండి." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పైగా ఎవరికి ఏం ఇబ్బందో ఇందులో లేనే లేదు. తీవ్ర అసౌకర్యమునకు గురియగుదురు... ఇది మా భాష. మా భాషలో మాకే ఉత్తరం రాస్తే మేమేం చదువుతాం చెప్పండి? నేనూ రోజూ ఆ స్టాపులోనే దిగుతా. నేను రాయకూడదు. మీకింకా మూడు రోజులుంది."

రోడ్డు దాటి వచ్చేసరికి వదినకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. ఏ తప్పూ చేయకపోయినా చిన్న యంత్రాన్ని ఒక్కటి చరిచి, తెల్ల కాగితం మీద పెద్దక్షరాలతో రాసి కొట్టు ముందు అంటించింది: "నేను రాసింది చాలదట. తప్పు నాదే. బస్టాపు గురించి ఎవరి మాట వాళ్ళే చెప్పాలి. రండి, రాసిపెడతాను."

సెలూను తమ్ముడు ముందుగా వచ్చాడు. "నా అద్దం పగలగొట్టినప్పుడే అనుకున్నా వదినా, నీ చేతిలో ఇంకో పెద్ద పని ఉందని."

"నోర్మూసుకుని నీ ఇబ్బంది చెప్పు."

"నాకేం ఇబ్బంది? నేను బస్సెక్కను. కానీ బస్సు కోసం నిలబడ్డవాడు ఊరికే ఉండలేక నా అద్దంలో చూసుకుంటాడా? చూసుకుని గడ్డం తడుముకుంటాడా? లోపలికొస్తాడు. నా గిరాకీలో సగం బస్సు ఆలస్యం వల్లే."

"అదే రాయనా?"

"రాసెయ్. బస్సు మాత్రం టయానికి నడపొద్దని కూడా రాయి."

టీచరమ్మ తనే రాసుకొచ్చింది. నాలుగు వందల మీటర్లు నడవగలననీ, కానీ మధ్యలో కూర్చోవడానికి ఒక్క అరుగైనా లేదనీ, కూర్చున్నా లేపేవాళ్ళు కావాలనీ. దర్జీ వచ్చాడు. కాలేజీ పిల్లలు ఇద్దరు వచ్చారు. ఒకమ్మాయి కూడలిలో నిలబడాలంటే ఎందుకు భయమో చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆపేస్తే, వదిన కలం ఆమె చేతికిచ్చి తను బయటికెళ్ళి నిలబడింది.

రెండో రోజు గోడ పిన్నిగారు వచ్చారు. బస్టాపు సరిగ్గా ఆవిడ ప్రహరీ ముందే. అందుకే ఆ పేరు.

"నాకది పోవాలి," అన్నారు ఆవిడ, నిలబడే. "పోవాలని రాయించుకోడానికే వచ్చా. రాస్తావా, లేక నీ జట్టు వాళ్ళకేనా?"

వదిన కలం మూత పెట్టి, మళ్ళీ తీసింది. "కూర్చోండి పిన్నిగారూ. ఏం ఇబ్బందో చెప్పండి."

"గోడంతా నూనె తలల మరకలు. గేటు మీద గొడుగులు తగిలిస్తారు. మా అమ్మ మంచం కిటికీ పక్కనే. ఒకడు ఫోన్లో అప్పగింతలు, ఇంకొకడు తగువులు. తొంభై ఏళ్ళ మనిషి, పగలు రెప్ప వాల్చదు. నన్ను పిలిచి ఆ తగువులో తప్పెవరిదే అని అడుగుతుంది."

వదిన అంతా రాసి చదివి వినిపించింది. పిన్నిగారు ముక్కు తుడుచుకున్నారు. "ఇంత బాగా రాశావేంటే? నా మీద నాకే జాలేస్తోంది."

ఆవిడ వెళ్ళాక సెలూను తమ్ముడు గొణిగాడు, "పాముకు పాలు పోశావు వదినా."

"ఆవిడ నిద్ర ఆవిడది, మన బస్సు మనది. పో, నీ కొట్టు చూసుకో."

ఆ సాయంత్రం ఇంట్లో ఆయన తీగ మీద ఆరిన బట్టలు మడత పెడుతున్నాడు. "అందరివీ అయ్యాయా?" అన్నాడు.

"ఏవి?"

"నీకు అబద్ధం చేతకాదు, ఎందుకోయ్ శ్రమ? ఊళ్ళో సగం మాటలు నా చెవిలోంచే పోతాయి. బస్టాపు సంగతి మొదటి వారమే తెలిసింది. మర్నాడే ఆ ఆఫీసుకు ఫోన్ చేసి నా మాట చెప్పేశా కూడా. నువ్వే కదా అందరికీ చెప్తావు, ఫోన్ చేసినా సరే అని. నువ్వు వార్తలప్పుడల్లా రేడియో కట్టేస్తుంటే, పాపం దీనికి లోకం మీద విరక్తి పుట్టిందనుకున్నా."

వదిన బట్టల పక్కనే చతికిలబడింది. "ఏమని చెప్పారు?"

"చెప్పింది ఆఫీసుకు. నీకెందుకు? నువ్వేం రాశావో చెప్పు."

"రాయలేదు. మీ గురించి రాస్తే నొచ్చుకుంటారని..."

"నా గురించి నేను చెప్పుకున్నా కదా. నీకేం ఇబ్బందో అది రాయి."

"నాకేం ఇబ్బంది?"

"వీధంతటినీ కూర్చోబెట్టి అడిగావు. నిన్ను నువ్వు అడుక్కోడానికేం?" అంటూ మడత పెట్టిన చీర ఆమె ఒళ్ళో పెట్టాడు.

ఆఖరి రోజు మధ్యాహ్నం దాకా ఆమె నాలుగు కాగితాలు నలిపి పారేసింది. అయిదో కాగితం మీద నాలుగు ముక్కలు నిలిచాయి. "మా ఆయనకు చూపు లేదు. రోజూ ఒక్కరే బస్సెక్కి ఉద్యోగానికి వెళ్తారు. స్టాపు కూడలికి పోతే నేను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాలి. వద్దనరు, నా కోసం ఒప్పుకుంటారు. ఆయన చెయ్యి పట్టుకోవడం నాకిష్టం. అవసరం కోసం పట్టుకోవడం ఇష్టం లేదు."

గుమాస్తా అది రెండుసార్లు చదివాడు. తర్వాత రిజిస్టరు తెరిచి, సారాంశం అన్న గడి దగ్గర కలం ఆపాడు. "ఇక్కడేమని రాయమంటారు?"

"మీ ఇష్టం."

"నా ఇష్టం రాయకూడదు వదినగారూ. మీరు చెప్పిందే రాయాలి."

వదిన వెనక్కి చూసింది. లైసెన్సు పని మీద వచ్చిన లారీ డ్రైవరు ఒకాయన, అతని వెనక ఏ పనీ లేకుండా వచ్చిన సెలూను తమ్ముడు. ఆమె ముందుకు వంగి చెప్పింది.

"గట్టిగా అనండి, ఫ్యాను మోత."

గట్టిగా అంది. ఆమె అనడం, సరిగ్గా అప్పుడే కరెంటు పోయి ఫ్యాను ఆగడం ఒకేసారి జరిగాయి. గది గదంతా విన్నది. లారీ డ్రైవరు తన కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని శ్రద్ధగా చదవసాగాడు. గుమాస్తా తల వంచి, ఆ గడిలో చాలాసేపు రాశాడు.

ఆరు వారాల తర్వాత ఉత్తర్వు వచ్చింది. ప్రతిపాదన విరమించుకోవడమైనది. ఎవరెవరు ఏమన్నారో, దానికి శాఖ జవాబేమిటో ఒక పట్టిక కూడా జత చేశారు. వీధంతా కొట్లోకి చేరితే వదిన నిలబడి చదివి చెప్పింది. స్టాపు ఈ వీధిలోనే ఉంటుంది. కాకపోతే నివాసుల నిద్రాభంగము దృష్ట్యా ప్రహరీ దాటించి పదిహేను మీటర్లు ముందుకు జరుపుతారు. పిన్నిగారు గెలిచినట్టు చూశారు, మిగతావాళ్ళూ గెలిచినట్టే చూశారు. బస్సు ఆలస్యంగా నడపాలన్న సూచన మాత్రం పరిశీలనార్హము కాదన్నారు. "నష్టం నాదే," అన్నాడు సెలూను తమ్ముడు.

"నలభై ఆరో సూచన," చదివింది వదిన. "'ఒక పౌరురాలు కుటుంబపరమైన కారణము తెలిపినారు. పూర్తిగా అంగీకరించడమైనది.'"

"అంటే ఏంటి వదినా?" అన్నాడు దర్జీ. "ఎవరావిడ? ఏం కారణం?"

అన్నేళ్ళలో మొదటిసారి వదిన, "ఏమో, నాకూ అర్థం కాలేదు. ఆఫీసు భాష కదా," అని నలభై ఏడుకు వెళ్ళిపోయింది. సెలూను తమ్ముడికి ఉన్నట్టుండి దగ్గు తెర వచ్చి బయటికెళ్ళిపోయాడు.

కొత్త స్తంభం పాతిన మర్నాడు పొద్దున ఆయన ఎప్పటిలాగే బయల్దేరాడు. తోడు రానా అని ఆమె అడగలేదు. కొట్లో వీధికి వీపు పెట్టి ఎవరివో సర్టిఫికెట్లు కాపీ తీస్తోంది. కర్ర చప్పుడు కొట్టు దాటింది, గోడ దాటింది. అక్కడ నెమ్మదించింది. వదిన చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది.

కిటికీలోంచి పిన్నిగారి గొంతు వినబడింది. "ఇంకో నాలుగడుగులు నాయనా!"

"మూడేనండీ," అన్నాడు ఆయన.

బస్సు వచ్చింది, ఆగింది, గేరు మార్చుకుని కదిలింది.

"ఎక్కేశారు వదినా!" అని సెలూను గుమ్మంలోంచి కేక.

"నేనడిగానా?" అంది వదిన, యంత్రం మూత తెరుస్తూ.