ముందు రేక

మా గౌడన్న ఎవరికి కల్లు పోసినా ముందుగాల ఒక రేక తను తాగేవాడు. తాటాకును దొప్పలా మడిస్తే దాన్ని మా దిక్కు రేక అంటారు. లొట్టి, అంటే కల్లు కుండ, దించి, మీద తేలే ఈగల్ని వేలితో తీసేసి, రెండు చుక్కలు నేల మీద వొంపి, మా ముఖాలు చూస్తూ గటగటా తాగి, మీసం తుడుచుకుని అప్పుడు "పట్టుండ్రి" అనేవాడు. పెళ్లయిన కొత్తల్లో నాకు ఒళ్లు మండేది. పిలిచినవాడు చుట్టాలకంటే ముందు తనే తినడం ఎక్కడైనా చూశామా? ఆ మాట పైకే అనేశాను కూడా. మా ఆడబిడ్డ నా మోచేతి మీద ఒక్కటి వేసింది.

"కలిపిన కల్లు పోసెటోడు తాను తాగడే పిల్లా. ఈయన తాగుతున్నడు గద, సూడు. తాగినంకనే మనం తాగాలె."

సూర్యాపేట నుంచి కోదాడ పోయే హైవే మీద మునగాల దాటి లోపలికి పోతే మా అత్తగారి ఊరు. మా ఆడబిడ్డ, అంటే మా ఆయన అక్క, నాకు వదినె, భర్త పోయాక ఆ ఊళ్లోనే ఉంటుంది. నేను సూర్యాపేటలో డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తాను. ఆదివారం మా ఆయన పొలం చూసుకోవడానికి కారు తీస్తే నేనూ ఎక్కేదాన్ని. వరి మీద నాకేం మోజు లేదు. మా పొలం గట్టు మీద వరసగా తాళ్లు, అంటే తాటిచెట్లు, ఉండేవి. వాటి కింద మా వదినె, నేను, గౌడన్న. అంతే మా సభ.

హైవే పొడుగునా కల్లు అని బోర్డు లేని చోటు లేదు. అందులో చెట్టు నుంచి వచ్చింది ఎంతో పోసేవాడికే తెలియదు. నీళ్లు, చక్కెర, మత్తుమందు, నురగ రావడానికి ఇంకేదో పొడి. అది తాగి తాగి, ఒకరోజు దొరక్కపోతే చేతులు వణుకుతూ పిచ్చిచూపులు చూసే మనుషుల్ని దవాఖాన వరండాల్లో చూశాను. మా గట్టు మీద దొరికేది అది కాదు. ఉదయం ముంజ నీళ్లలా తియ్యగా ఉండి, ఎండ ముదిరేసరికి నాలుక మీద ముల్లులా గుచ్చుకునే కల్లు. బతికున్న కల్లు. అది నాకు కావాలి. ఆ చెట్లు, ముందు తాగే ఆ మనిషి, తాగుతూ నేను ఏం మాట్లాడినా ఎదురు మాట్లాడే ఆ ఇద్దరు నాకు కావాలి. వారంలో మిగతా రోజులు నా నోటికి భయపడి తలూపేవాళ్లే చుట్టూ.

కాలేజీలో ఒకావిడ అడిగింది.

"మేడమ్, మీరు కల్లు తాగుతరంట, నిజమేనా?"

"మీ సార్ ఫ్రిజ్‌ల బీర్లు పెట్టుకుంటె అది స్టేటసు. నేను చెట్టు కింద రేక పడితే అది సిగ్గుమాలినతనమా?"

తర్వాత ఆవిడ నాతో టిఫిన్ డబ్బా పంచుకోలేదు. పోనీ, ఆవిడ చేసే పులిహోరకూ రుచి లేదు.

బీరు నేను తాగలేదని కాదు. కోదాడలో చుట్టాల ఫంక్షన్‌లో మగవాళ్లు కార్ల డిక్కీలు తెరిచి తాగుతుంటే ఒక సీసా గుంజుకుని తాగాను. చల్లదనం తీసేస్తే అందులో మిగిలేది ఏమీ లేదు. ఈ ఏడాది సీసా, పోయిన ఏడాది సీసా, మిర్యాలగూడలో మా పుట్టింటి పక్క షాపులో సీసా, అన్నీ ఒకటే రుచి. దాన్నే జనం గొప్ప అనుకుంటారు. మా గట్టు మీద పక్కపక్కన ఉన్న రెండు చెట్ల కల్లుకే రుచిలో పొత్తు కుదిరేది కాదు.

ఆ తేడా పూర్తిగా తెలిసేది కాటమయ్య పండుగ నాడు. కాటమయ్య గీత కార్మికుల దేవుడు, చెట్టు మీద కాలు జారకుండా చూసేవాడు. మామూలు రోజుల్లో గౌడన్న అన్ని చెట్ల కల్లూ ఒకే కుండలో వొంపేవాడు. కాటమయ్యకు కోడిని కోసిన నాడు మాత్రం ఏ చెట్టుది ఆ లొట్టిలోనే ఉండేది. గట్టు మీద వరసగా లొట్లు. వదినె అలసందలు ఉడికించి బొబ్బెర గుడాలు చేసి తెచ్చేది. ఊళ్లోంచి ఇంకో పదిమంది వచ్చేవాళ్లు. ఒక్కో చెట్టు దగ్గర ఒక్కో రేక తాగుతూ, మళ్లీ వెనక్కొచ్చి తాగుతూ, ఏది గొప్పదో తేల్చుకోవడానికి కొట్టుకునేవాళ్లం.

చెట్లకు పేర్లుండేవి. పాలలా చిక్కగా దిగేది పాలది. ఎంత తాగినా ఎక్కనిది నిద్రమొకంది. చివర ఉన్న పొట్టి తాడు పేరు లెక్చరర్‌ది. ఆ పేరెందుకొచ్చిందో నాకు చాలా ఏళ్లు ఎవరూ చెప్పలేదు. ఒక పండుగ నాడు రెండు రేకలు పడ్డాక గౌడన్నే కక్కాడు.

"పొద్దెక్కక ముందే పులుస్తది చెల్లె. బుసబుస పొంగుతది. దగ్గరికి పోతె మొకం మీద చిమ్ముతది. గందుకే."

వదినె గుడాల గిన్నె పక్కన పెట్టి మరీ నవ్వింది. "అయినా దాన్నే అందరు మల్ల మల్ల అడుగుతరు మరదలా, ఏడువకు."

నేను ఏడవలేదు. ఆ రోజు పాలదే గొప్పదని ఊరంతా తేల్చితే, లెక్చరర్‌ది ఎందుకు గొప్పదో పాఠం చెప్పినట్టు చెప్పి గెలిచాను. నా మాట నెగ్గడానికి ఒక చెట్టు తోడుగా నిలబడింది జీవితంలో ఆ ఒక్కసారే.

ఇప్పుడు అగ్గి సంగతి చెప్పాలి.

యాసంగి వరి, అంటే రెండో పంట, కోతకొచ్చే కాలమూ, తాళ్లకు కల్లు బాగా పారే కాలమూ ఒకటే. ఒకప్పుడు కూలీలు వరిని మొదలంటా కోసేవాళ్లు. ఇప్పుడు హార్వెస్టర్ వచ్చి మీద కంకి కోసుకుపోతుంది, మోకాలెత్తు కొయ్యకాళ్లు మిగులుతాయి. వాటిని దున్నించడానికి డీజిల్ ఖర్చని అందరూ అగ్గిపుల్ల గీస్తారు. ఆ రోజుల్లో మునగాల నుంచి హుజూర్‌నగర్ దాకా ఎటు చూసినా పొగే. హైవే మీద పట్టపగలు లైట్లేసుకుని బండ్లు పోతాయి. మిర్యాలగూడ మిల్లుల దగ్గర పుట్టిన దాన్ని, ఊక బూడిద కళ్లలో పడుతుండగా పెరిగినదాన్ని, నాకు పొగ కొత్త కాదు. కానీ తాటిచెట్టుకు ఎండిన మట్టలు మొదలు నుంచి మెడ దాకా వేలాడుతుంటాయి. పొలంలో మంట వాటికి అందితే నిచ్చెన దొరికినట్టే.

ఈ మాట మా ఆయనకు ఎన్నిసార్లు చెప్పానో. కోత అయిన రోజు కూడా చెప్పాను.

"ఈసారి కాలబెట్టకు. అంత మనసాగకుంటె గట్టు పొంటి రెండు సాళ్లు దున్నించు, మంట అటు పోకుండ."

"సరే తల్లీ, దున్నిస్త."

"సరే అంటున్నవ్, దున్నిస్తవా?"

"రాసియ్యాల్నా ఏంది!"

తర్వాతి ఆదివారం నాకు పరీక్షల డ్యూటీ పడింది. ఆయన ఒక్కడే పోయాడు. సాయంత్రం వచ్చి చొక్కా బకెట్‌లో పడేశాడు. పొగ వాసన. ఏం అడగకుండానే నాకు అర్థమైంది, అడగకుండానే ఆయనా చెప్పాడు.

"కావాల్నని పెట్టిన్నా? గాలి తిరిగింది."

"గాలికి అగ్గిపెట్టె ఎవరిచ్చిన్రు?"

"ట్రాక్టరోడు రాలే. నారుమడికి టైమైతున్నది. ఊరంత కాలబెడుతున్నరు, నేనొక్కన్ని జేసిన్నా?"

"ఊరంత కాలబెట్టిన్రు సరే. చెట్లు కాలింది మన గట్టు మీద."

"మన గట్టే గద! మన చెట్లే గద! గౌడోల్లవేం కాదు గద!"

"అవు. గట్టు మనది, చెట్టు మనది, అగ్గి మనది. పొద్దున లేచి ఎక్కడానికి ఏం లేకుండ అయింది మాత్రం ఆయనకు."

ఆయన బకెట్ మీద నల్లా తిప్పాడు. తర్వాత నన్ను మంచి చేసుకుందామని కాబోలు, మెల్లగా అన్నాడు. "ఇగ పోనియ్యి. కోదాడల మంచి బీర్లు దొరుకుతయ్, తెచ్చి ఫ్రిజ్‌ల పెడత. ఇంట్లనే తాగు, ఎవరడుగుతరు?"

ముప్ఫయ్యేళ్ల కాపురంలో ఈ మనిషికి నా గురించి తెలిసింది ఇదీ. నేను ఏదో ఒకటి తాగడానికి పోతున్నాననుకున్నాడు.

మర్నాడు సెలవు పెట్టి బస్సెక్కి పోయాను. మట్టలన్నీ కాలిపోయి తాళ్లు నల్లటి స్తంభాల్లా నిలబడ్డాయి. కట్టిన లొట్లు వేడికి పగిలి పెంకులు కింద రాలాయి. గౌడన్న అక్కడే ఉన్నాడు. చెట్టెక్కే మోకు నడుముకు బిగించుకుంటున్నాడు.

"అన్నా, ఎందుకెక్కుతున్నవ్? ఇంక వేడున్నట్టున్నది."

"మొవ్వు సూడాలె చెల్లె. పైన మొవ్వు బతికుంటె మల్ల చిగురేస్తది. ఆకు కాలితె ఏం గాదు."

ఎక్కింది లెక్చరర్‌దాన్నే. పొట్టిదని ఎక్కాడో, నా కోసం ఎక్కాడో నేను అడగలేదు. మసి రాలుతోంది. పైకి పోయి, కత్తితో ఏదో గీకి, వాసన చూసి, చాలాసేపు దిగలేదు. మా వదినె చెట్టు మొదట్లో నిలబడి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. దిగేసరికి ఆయన ఛాతీ, కడుపు, చేతులు నల్లగా అయిపోయాయి.

"ఉడికింది," అన్నాడు.

మిగతావి ఎక్కలేదు. కింది నుంచే ఒక్కొక్కదాన్నీ చూసి తల అడ్డంగా ఊపుకుంటూ గట్టు చివరి దాకా పోయాడు. తాడు గీతకు రావడానికి పదిహేను ఇరవై ఏళ్లు. ఆయనకు అరవై దాటాయి. నాకు తెలిసిన జీవశాస్త్రమంతా ఈ చిన్న లెక్క దగ్గర నోరు మూసుకుంది.

ఎవరి మీద ఫిర్యాదు చెయ్యాలి? చేస్తే నా మొగుడి మీద చెయ్యాలి. ఆ రోజు బస్సులో సూర్యాపేట దాకా రెండు పక్కలా పొలాలు కాలుతూనే ఉన్నాయి, కిటికీ మూసుకోమని కండక్టర్ అరుస్తూనే ఉన్నాడు.

రెండు మూడు వారాలు నేను ఊరికి పోలేదు. మా ఆయన జేసీబీ పెట్టించి మోళ్లన్నీ పీకించాడట. గట్టు తిన్నగా అయిందనీ, వచ్చే పంటకు మిషన్ సులువుగా తిరుగుతుందనీ సంబరపడుతూ చెప్పాడు. తర్వాత వదినె ఫోన్ చేసింది.

"గౌడన్న రమ్మంటున్నడు. కల్లున్నదట."

ఎక్కడి కల్లు అని నేను అడగలేదు. అడిగేదాన్నే కదా మామూలుగా. పోయాను.

నీడ లేదు. గట్టు మీద గొడుగేసుకుని వదినె, పక్కన గౌడన్న కూర్చున్నారు. ముందర లొట్టి లేదు, తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఉంది. తాటాకు లేదు కాబట్టి రేకలూ లేవు. పెళ్లిళ్లలో నీళ్లు పోసే పల్చటి గ్లాసులు మూడు పెట్టాడు. డబ్బా మూత తీసి, మా ఇద్దరికీ పోశాడు. నురగ బాగా వచ్చింది. మూడోది ఖాళీగానే ఉంది. రెండు చుక్కలు నేల మీద కూడా వొంపలేదు.

"పట్టుండ్రి," అన్నాడు.

నేను పట్టుకున్నాను, నోటి దాకా తేలేదు. "అన్నా, నువ్వు?"

"నేను పొద్దుగాల్నే తాగిన."

"ఎన్నడన్న మాకంటె ముందు ఇంటికాడ తాగొచ్చినవా?"

ఆయన డబ్బా మూత బిగించాడు, మళ్లీ తీశాడు. "నా శేతిది కాదు చెల్లె. మిర్యాలగూడ రోడ్డు కెల్లి ఆటోల వచ్చింది. ఏం కలిపిన్రో, అసలు కలిపిన్రో లేదో నాకు తెల్వది. తెల్వంది నేనెట్ల తాగాలె?"

"మరి మాకెందుకు పోసినవ్?" గొంతు పెరిగింది నాకు. "నువ్వు తాగనిది మాకు పోస్తవా?"

"తాగుండ్రి అని పోయలే," అన్నాడు. ఉడికిన మొవ్వు సంగతి చెప్పిన గొంతుతోనే అన్నాడు. "ఏం లేదంటె ఇగ మీరు రారు గద."

నా దగ్గర ఎప్పుడూ ఒక మాట ఎక్కువే ఉంటుంది. కాలేజీలో, ఇంట్లో, బ్యాంకు క్యూలో, ఎక్కడైనా. ఆ ఎండలో గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాను. వదినె గ్లాసులోకి చూస్తోంది. కొత్తగా నీళ్లు పెట్టిన పొలంలో మా ఆయన ట్రాక్టర్ వాడితో మాట్లాడుతూ చెయ్యి ఇటు చూపిస్తున్నాడు, గట్టు ఎంత తిన్నగా ఉందో చూడమని.

"వచ్చె ఐతారం రాకుండ్రి ఇగ," అన్నాడు గౌడన్న. "నేను గూడ రాను."

"రాకుంటె ఏడికి పోవాలె?" అంది వదినె.

ఆ మాట ఆయన్నే అడిగిందో, నన్నే అడిగిందో. గ్లాసుల్లో నురగ అణిగిపోయేదాకా అట్లాగే పట్టుకుని కూర్చున్నాం, ముందు ఎవరూ తాగలేదు.