కడిగిన ఫిలిం

ఉడుకు నీళ్లల్ల బట్టల సోడా వేస్తే ఒక ఘాటు లేస్తది. మొన్న పక్కింటోళ్లు జిడ్డు పట్టిన పరదాలు నానబెడితే, ఆ వాసన గోడ దాటి వచ్చి నన్ను తొమ్మిదేండ్ల పిల్లను చేసి, పురానాపూల్ దగ్గరి మా పాత ఇంట్ల పొయ్యి పక్కన కూసోబెట్టింది.

బాపుది గల్లీ మొగన కిరాణా దుకాణం. మా చుట్టాలల్ల దుకాణం లేనోళ్లు లేరు, నడుసుడు కంటె ముందు బేరమాడుడు నేర్చిన ఖాన్‌దాన్ మాది. అమ్మది మాత్రం చేతి పని. మిఠాయి దుకాణపోళ్లు, అత్తరు దుకాణపోళ్లు సాదా గాజు సీసాలు తెచ్చిస్తే వాటి మీద పూలు దిద్దేది. పాత ఎక్స్‌రే ఫిలింను సోడా నీళ్లల్ల నానబెట్టి రుద్దితే నల్లదనమంత పోయి అద్దమోలె తేటగైతది. దాని మీద మల్లెతీగనో మామిడిపిందెనో గీసి, బ్లేడుతోని కోసి, ఆ అచ్చును సీసాకు బిగించి కట్టి, కోసిన సందులల్ల రేగ్‌మాల్ అనే గరుకు కాగితంతోని గంటలకు గంటలు రుద్దితే, కట్టు విప్పేసరికి గాజు మీద మంచు పట్టినట్టు తెల్లటి తీగ. కాగితం అచ్చయితే రెండు సీసాలకే చినుగుతది, ఫిలిం వందకు ఆగుతది. తడి చేసుకుంట రుద్దితే గాజు పొడి లేవదు గని, నీళ్లు ఫిలిం కిందికి దిగి పూరేకుల అంచు చెదురుతదని అమ్మ పొడిగనే రుద్దేది, నోటితోని ఊదేది. ఎండకాలం షర్బత్ సీసాలు, రంజాన్ ముందు బాదాములు, ఖర్జూరాలు పోసే పెద్ద సీసాలు. పోరలు గల్లీల గోటీలాడుతుంటే నేను సీసాలు తుడిచేదాన్ని. అమ్మ కనుబొమ్మలు ఏడాది పొడుగూత తెల్లగనే ఉండేవి, బోనాలనాటి పరమాన్నంల గూడ పంటికింద సన్నటి పొడి కరకరలాడేది.

ఆ ఏడు చలికాలంల అమ్మకు పట్టిన దగ్గు ఎండలు ముదిరినా పోలేదు. దవాఖానల ఎక్స్‌రే తీసి, ఛాతిల మచ్చ ఉన్నది, మందు వాడి రెండు నెలలకు ఈ ఫిలిం పట్టుకొని రా అన్నరు. అమ్మ దాన్ని కవరుల పెట్టి బీరువా ఎనక నిలబెట్టింది.

ఫిలింలు తెచ్చుడు నా డ్యూటీ. దబీర్‌పురా స్టేషన్ దిక్కు పాత సామాన్లు కొనే ఒక కబాడీ చాచా కట్టలు కట్టి అమ్మేటోడు. కట్టకు ఒక ఫిలిం కొసరు గుంజనిదే నేను కదలకపోయేదాన్ని. రంజాన్ దగ్గరపడ్డ రోజులు, ఇంట్ల ఉన్న అచ్చులన్ని అరిగినయ్, ఆ దినం చాచా మొండికేసిండు.

"కొసరెయ్యి చాచా."

"కొసర్ ఖతం. లేనా హై తో లే, నైతో జా, సేఠానీ!" కొంటె కొను, లేకుంటె పో అన్నట్టు.

బేరంల నాకు తెలిసిన పెద్ద విద్య లేచిపోవుడు. లేచిపోతె ఎనక నుంచి పిలుస్తరు. స్టేషన్ మెట్ల దాక మెల్లగ, చెవులు ఎనకకు పెట్టి నడిచిన. పిలువలేదు. మళ్ల తిరిగిపోతె ఇజ్జత్ పోదా? అప్పుడు యాదికొచ్చింది, బీరువా ఎనక ఒక ఫిలిం ముఫ్త్‌లనే ఉన్నది గదా అని.

అమ్మ తయారైన సీసాలిచ్చి రానీకె పోయింది. పొయ్యి మీద నీళ్లు కాగబెట్టి సోడా వేసిన. ఫిలింను ముంచి రుద్దుతుంటె పక్కటెముకలు ఒక్కొక్కటే నా వేళ్లకింద నల్లటి నీళ్లయి జారిపోయినయ్. ఎంత తొందరగ తెల్లగైతున్నదో అని మస్తు ఖుషీ అయిన.

అమ్మ వచ్చి, తీగ మీద ఆరేసిన ఫిలింను చూసింది. కింద పడున్న కవరును చూసింది.

"ఏడిది బిడ్డా?"

"బీరువా ఎనకది. పైస ఖర్చు లేదు!"

అమ్మ కొంగుతోని దాన్ని తుడిచి, వెలుగుకు పెట్టి చూసింది. అందుల ఏం లేదు, అవుతల గల్లీ కనబడ్డది. "బాపుకు చెప్పకు" అన్నది. ఎట్లాగూ పోయినదాన్ని పారేసుడెందుకని గావచ్చు, మల్లెతీగ గీసి బ్లేడు తీసుకున్నది. ఆ రంజాన్‌కు పోయిన సీసాలన్నిటి మీద ఆ అచ్చే.

రెండు నెలలకు దవాఖానల డాక్టరు కొత్త ఎక్స్‌రే తీపిచ్చి, పాతదేదన్నడు. నేను అమ్మ కొంగు పట్టుకొని నిలబడ్డ.

"వానకు తడిసి పాడైంది సారూ."

"పాతది లేకుంటె మచ్చ పెరిగిందో తగ్గిందో ఎట్ల చెప్పాలమ్మా? ఇవే మందులు వాడు. మూడు నెలలకు మళ్ల రా, దీంతోని పోల్చి చూస్తం."

మూడు నెలలకు పోల్చే పని పడలేదు. డాక్టరు అప్పుడు తీసిన కొత్తదాన్ని ఒక్కదాన్నే చూసి బాపును బయటికి పిలిచిండు. మళ్లొచ్చిన బోనాలకు అమ్మ లేదు. బాపుకు నేను చెప్పలేదు, ఆయన పోయేదాక చెప్పలేదు. పాత ఫిలిం ఉన్నా గంతే అయ్యేదేమో అని ఇన్నేండ్ల సంది నాతోని నేనే బేరమాడుతున్న. ఎవరి దగ్గరనైన ధర తెంపే నాకు ఈ ఒక్కటి తెగలేదు.

కబాడీ చాచా జాగల ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నరు. మిఠాయి దుకాణాలల్ల అన్ని ప్లాస్టిక్ డబ్బాలే, వాటి మీద పూలు గోరుతోని గీకితె ఊడొస్తయ్.

పోయిన నెల దగ్గు తగ్గక దవాఖానకు పోయిన. ఫిలిం ఏదమ్మా అని నేనడిగితె డాక్టరమ్మ నవ్వింది. ఇప్పుడు ఫిలింలు లేవట. తెర మీద వేలు పెట్టంగనే నా ఛాతి రెండుసార్లు పక్కపక్కన వచ్చింది.

"ఎడమది పోయినేడుది, కుడిది ఇయ్యాల్టిది. చూడండి, ఏం మారలేదు. ఫికర్ చెయ్యకండి."

ఆమె మందుల సంగతి చెప్తనే ఉన్నది. నేను ఎడమ దిక్కు పాతదాన్నే చూసుకుంట కూసున్న.