చెట్లు సన్నబడ్డ ఏడాది

మా అమ్మ బాగా పొట్టి. తలుపు పైగడియ పెట్టాలంటే పీట కావాలి. ఆమె పొట్టితనం వల్ల ఒక అడవి చిక్కిపోయిందంటే నవ్వుతారు గానీ, నిజం.

ఎల్లారెడ్డి దగ్గర మా ఊరి అడవిని ఊరి సంఘమే చూసుకుంటుంది. అమ్మ దానికి అధ్యక్షురాలు. బీడీ ఆకు ఎప్పుడు కోయాలి, ఎవరి మేకలు ఎటు పోవాలి, అన్నీ అక్కడే తేలుతాయి. తేలేది తక్కువ, కొట్లాట ఎక్కువ. ఆ సంఘం మీదికి విదేశాల నుంచి వాతావరణ పథకం ఒకటి వచ్చి పడింది. చెట్లు లావైతే లోకం చల్లబడుతుందట. అందుకని ఏటా వాటి చుట్టుకొలత రాసి పంపాలి. నేర్పడానికి వచ్చినాయన "ఛాతీ ఎత్తులో కొలవండి" అని చెప్పి జీపెక్కాడు. ఎవరి ఛాతీయో చెప్పలేదు.

చెట్టు మొదట్లో లావు కదా, కింద కొలిస్తే లాభమని మా మేనమామ కనిపెట్టాడు. "అక్కా, నువ్వే నిలబడు. చెట్లు మస్తు బలుస్తయి" అన్నాడు. అమ్మ అధ్యక్షురాలి హోదాలో ప్రతి చెట్టుకూ ఆనుకుని నిలబడింది. కామారెడ్డిలో నా జిరాక్సు దుకాణం మూసి వచ్చి నేను అంకెలు రాశాను. చెట్టు మాది, ఛాతీ మాది, అడిగేవాళ్లెవరు?

మరుసటి వేసవిలో తనిఖీకి ఒక విదేశీ మేడం కొలకర్ర పట్టుకుని వచ్చింది. ఛాతీ ఎత్తంటే ఆ కర్ర ఎత్తట. అది అమ్మ ముక్కు దాకా వచ్చింది. ఇంకేముంది, చెట్లన్నీ సన్నబడ్డాయి. లావు చెట్లు నరికేశారేమో, తేలేదాకా అడవిలోకి ఎవరూ వెళ్లకూడదని మేడం అంది. ఆమె ఇంగ్లీషును అందరికీ తెలుగులో చెబుతుంటే నాకే ఒళ్లు మండింది. ఆకు అప్పుడే కోతకు వచ్చింది. నాలుగు రోజులు పోతే ముదిరిపోతుంది. మా వాడలో ఆడవాళ్లందరికీ ఏడాది ఆసరా అదే.

"చెట్లు చిక్కలే బిడ్డా. నేను పొట్టిదాన్నని చెప్పు ఆమెకు" అంది అమ్మ.

చెప్పాను. మేడం అమ్మను కర్ర పక్కన నిలబెట్టి చూసి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. పాపం, మంచిదే. కానీ లెక్క కంప్యూటర్‌లోకి ఎక్కిందట, వాళ్ల పెద్దలు కూర్చుని మార్చాలట.

"ఎప్పుడు కూసుంటరు?"

"వానకాలంలనట."

"వానకాలంల ఆకేడుంటది?"

ఆ సాయంత్రం సంఘం కూర్చుంది. మొదటిసారి కొట్లాట లేదు.

"వాళ్లు కోపమైతరేమో అక్కా" అన్నాడు మామ.

"కోపమైతే కానియ్. అడివి మనది. రేపు పొద్దుగాల ఆకుకు పోదాం."

చేతులన్నీ లేచాయి. తెల్లారి ఊరు ఊరంతా అడవిలోనే ఉంది.

వానలు పడ్డాక మేడం నా దుకాణానికి ఫోన్ చేసింది. లెక్క సరిచేశారట, ఆకు కోసుకోవడానికి అనుమతి ఇచ్చారట. అప్పటికి ఆ ఆకు బీడీలై జనం నోళ్లలో కాలిపోతోంది. నవ్వాపుకుంటూ ఊరికి పోయి అమ్మకు చెప్పాను.

అమ్మ నవ్వలేదు. "మంచిది. మన మాట గూడ వాళ్లకు చెప్పు. వచ్చే ఏడు మళ్ల వచ్చి కొలుసుకోవచ్చు, మా సంఘం ఒప్పుకున్నదని" అంది.