వీధికంతా ఒకే సంతకం

మొన్న సాయంత్రం మా కూతురు రేణిగుంట ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి వచ్చి, ముఖమైనా కడుక్కోకుండా ఫోను తీసింది. రెండో తరగతి చదివే మా మనవరాలి బడివాళ్లు అమ్మల ఫోను గ్రూపులో మెసేజీ పెట్టారు. పిల్లలు అట్టతో ఇల్లు చేసి తేవాలట, తల్లిదండ్రులు పక్కన కూర్చుని చేయించాలట, దాన్ని వీడియో తీసి పంపాలట. మా కూతురు ఉసూరుమంటూ దాని కింద బొటనవేలు బొమ్మ నొక్కి, కత్తెర కోసం లేచింది. అప్పటికే మిగతా అమ్మలంతా అదే వేలు పెట్టేసి ఉన్నారు. వరసగా ఉన్న ఆ వేళ్లను చూస్తే నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే, ఒకప్పుడు నా వేలు చెల్లదన్నారు.

అప్పట్లో మాది నగరిలో మగ్గాల వీధి. మా కూతురు మూడో తరగతిలో ఉండగా బడికి కొత్తగా వచ్చిన అయివారు, పిల్లలు ఇంట్లో చదివినట్టు పెద్దవాళ్లు రోజూ పుస్తకంలో సంతకం పెట్టి పంపాలని, వేలిముద్ర చెల్లదని నియమం పెట్టాడు. మా వీధిలో రాత వచ్చినది నూలు కొట్టు అన్న ఒక్కడికే. పొద్దున్నే పిల్లలంతా కొట్టు ముందు నిలబడితే, ఆయన నూలు తూకం వేస్తూనే అందరికీ సంతకాలు పెట్టి పంపేవాడు. అందులో తప్పుందని మాకు తోచనే లేదు. మగ్గం మీద పడుగు పోగులు అతకడం వచ్చిన మనిషి వీధికంతా అతికేవాడు, పురుడు పోయడం తెలిసిన అవ్వ వీధికంతా పోసేది, అలాగే రాత వచ్చినాయన వీధికంతా రాసేవాడు. అంతే అనుకున్నాం.

ఒకనాడు అయివారు పుస్తకాలన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. మా వీధి పిల్లలను వరండాలో నిలబెట్టి, "మీ ఈదికంతా నాయన ఒకడేనా?" అన్నాడట. తరగతంతా గొల్లున నవ్వింది. మా కూతురు ఇంటికొచ్చి సంచి మూలకు విసిరేసి, ఇంక బడికి పోను, ఇంట్లో నూలు కండెలు చుట్టుకుంటానని కూర్చుంది. మా అత్తకు అది మంచి మాటగానే వినిపించింది. కండెలు చుట్టే చేయి ఇంకొకటి దొరికితే ఏ నేత ఇంట్లో వద్దంటారు? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను ఆ కండెల దగ్గరే పెరిగి, అక్కడే పెద్దదాన్నయ్యాను. నా బిడ్డ అక్కడికి రాకూడదు.

తెల్లారి మగ్గం ఆపేసి, బిడ్డ రెక్క పట్టుకుని బడికి పోయాను. మెల్లగా మాట్లాడమ్మా అన్నాడు అయివారు. మగ్గాల మోత కాడ బతికేవాళ్లం, మాకు మెల్లగా రాదు సామీ అన్నాను. ఆయన మంచిగానే, నాలుగు గీతలే కదా, సంతకం ఒక్కటి గీయడం నేర్చుకో, చాలు అన్నాడు. అక్కడే నాకు రోషం వచ్చింది.

"సదవలేని దాని కింద గీత గీస్తే నేను సదివినట్టా సామీ? కొట్టాయన పెడితే దొంగది, నేను గీస్తే దొరదా? నా బిడ్డ గట్టిగా సదవతాది, నేను మగ్గం ఆపి ఇంటాను. ఇన్నట్టు వేలేస్తాను. ఒప్పుకుంటే బిడ్డను లోపలికి పంపండి, లేదంటే దాంతోపాటు నేనూ ఈడనే వరండాలో నిలబడతాను."

నిలబడ్డాను కూడా. ప్రార్థన అయిపోయింది, పాఠం మొదలైంది, కిటికీలోంచి పిల్లలు నన్నే చూస్తున్నారు. చివరికి అయివారు, "ఈయమ్మతో ఎవురు పడతారప్పా, పో పాపా లోపలికి" అన్నాడు. ఆ పొద్దు నుంచి మా వీధి పిల్లల పుస్తకాల్లో అమ్మల వేళ్లు పడ్డాయి. సిరా యాడ తెచ్చేది, మగ్గం నూనె అంటిన వేళ్లే.

నేను అక్షరాలు నేర్చుకున్నది చాలా ఏళ్లకు, మోకాళ్లు మగ్గానికి పనికిరాకుండా పోయాక, మనవరాలి వాచకం పక్కన పెట్టుకుని. ఎవరి నియమం కోసమో కాదు, నాకు కావాలనిపించి నేర్చుకున్నాను.

మొన్న మా కూతురి చేతిలోంచి కత్తెర తీసుకుని మనవరాలికి ఇచ్చాను. ఇల్లు వంకరగా వచ్చింది, తలుపు పైకప్పు మీద అతుక్కుంది. బిడ్డకు మాత్రం మురిపెం. అట్లే పంపమన్నాను. "అమ్మా, గ్రూపులో అందురూ సూస్తారు, పరువు పోతాది. నువ్వు మళ్లా బడి కాడికి జగడానికి పోబాకు" అంది మా కూతురు, బతిమాలుతున్నట్టు. అయినా పంపించాను.

అయివారి మీద నాకిప్పుడు కోపం లేదు. ఆయన నా ముఖం చూసి కాదన్నాడు, నేను ఆయన ముఖం చూసి అడిగాను. ఇప్పుడంతా ఫోనులోనే, ఎవరి ముఖం చూసి అడగాలో కూడా తెలియదు. పగలంతా నిలబడి పనిచేసి వచ్చిన తల్లి చేత అట్టలు కత్తిరించడం ఏం చదువని మా కూతురు ఒక్క మాట అడగదు. డిగ్రీ చదివింది, తెలుగూ ఇంగ్లీషూ తడుముకోకుండా రాస్తుంది. చదువుకుంటే నా బిడ్డ నాకంటే గట్టిగా అడుగుతుందనుకునే, ఆనాడు ఆ వరండాలో నిలబడ్డాను.