రుచి బాగుంది, వద్దు

లోకంలో అందరూ రంగుల్ని కళ్ళతో చూస్తారు. మార్కాపురం హైస్కూలు డ్రాయింగు మాస్టరు జీవరత్నం మాత్రం నాలికతో చూసేవాడు. రంగు ఒక్కటే అయితే పోనీలే అనుకోవచ్చు. కాగితం, పెన్సిలు, రబ్బరు, కుంచె పిడి, చెక్క శంకువు, ఏదైనా సరే, పాఠం చెప్పడానికి పనికొచ్చే వస్తువంటూ బళ్ళోకి వస్తే ముందు ఆయన నాలిక మీదుగా పోవాల్సిందే. ఎడమ చేత్తో మీసం పైకెత్తి, కళ్ళు మూసుకుని, వస్తువు అంచును నాలిక కొసకు ఒక్కసారి తాకించి, గోడవైపు తిరిగి కాసేపు ఆలోచించేవాడు. పొద్దున నీలం, మధ్యాహ్నం పసుపు. సాయంత్రానికి ఆ నాలిక ఏ రంగో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఈ అలవాటు మీద మొట్టమొదట అనుమానం వచ్చింది గుమాస్తా మాల్యాద్రికి. అందులో వింతేమీ లేదు. మాల్యాద్రికి అనుమానం రానిది ఏదైనా ఉంటే అది వింత. సామాన్ల గది తాళంచెవి ఇరవై రెండేళ్ళుగా ఆయన మొలతాటికే ఉంది. హనుమంతునిపాడు వీధిబడిలో చదివింది నాలుగేళ్ళే అయినా, ఇరవయ్యో ఎక్కం దాకా కిందినుంచి పైకి అప్పజెప్పగలడు. నూట ఎనిమిది పద్యాలు తడుముకోకుండా చదవగలడు. నలుగురు హెడ్మాస్టర్లను, పదకొండుమంది ఇన్స్పెక్టర్లను చూశాడు. ఒకసారి బడి గంట దొంగతనం పోతే, పామూరు సంతలో ఒక ఎద్దు మెడలో మోగుతుండగా కళ్ళతో చూడకుండా మోత విని పట్టుకున్నాడు.

"నేనుండగా ఈ బళ్ళో సుద్దముక్క గూడా దారి తప్పలేదు మాస్టరుగారూ," అని కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటిరోజే చెప్పేవాడు. జీవరత్నం మాస్టరుకూ చెప్పాడు. మాస్టరు శ్రద్ధగా విని, బల్లమీది సుద్దముక్క తీసి నాకి, గోడవైపు తిరిగి ఆలోచించి, "రుచి బాగుంది. వద్దు," అన్నాడు.

ఆ రోజునుంచి మాల్యాద్రికి నిద్రలేదు.

"రుచి బాగుంటే వద్దనేదేంది?" అని బళ్ళో అందరూ అడిగి చూశారు. మాస్టరు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి, "కారణం చెప్తే క్లాసుకు తెలుస్తుంది. క్లాసుకు తెలిస్తే ఏదీ మిగలదు," అనేవాడు. ఆయనకు అందరిమీదా అనుమానమే. అందరికీ ఆయనమీద అనుమానమే.

పంతొమ్మిదివందల ముప్ఫై నాలుగులో, బొమ్మ గీయడానికి నమూనా అని మద్రాసునుంచి గడ్డిలో చుట్టి ఒక పాదం వచ్చింది. పాలలాంటి తెల్లని పాదం, మడమనుంచి వేళ్ళ దాకా. పెట్టె విప్పిన పది నిమిషాలకు మాల్యాద్రి హెడ్మాస్టరు కరుణాకరంగారి గదిలోకి రొప్పుకుంటూ వచ్చాడు.

"సార్, కొంప మునిగింది. మన డ్రాయింగు మాస్టరు తెల్లోడి కాలు నాకినాడు."

కరుణాకరంగారు ఉత్తరం రాస్తూ కలం ఆపారు. "ఏ తెల్లోడయ్యా?"

"ఎవరో మనకేం తెలుసు సార్? చీలమండ కాడికి కోసి పంపించినారు."

"అది సుద్దతో పోసిన గ్రీకు విగ్రహం పాదం. నమూనా."

"ఏ దేశందైతేనేం సార్, కాలు కాలే గదా! ఊళ్ళో కాంగ్రెసోళ్ళకు తెలిసిందంటే మన బడి ముందర పడుకుంటారు."

హెడ్మాస్టరు నవ్వు ఆపుకుని మాస్టరును పిలిపించారు. "ఏమయ్యా జీవరత్నం, పాదం ఎట్లుంది?"

"బొటనవేలు మరీ బాగుంది సార్. కమ్మగా ఉంది. వెనక్కి పంపించండి."

"బాగుంటే వెనక్కెందుకు?"

"బాగుంది గనకనే సార్."

పాదం వచ్చిన దోవనే పోయింది. దాని బదులు మాస్టరు చింతకాయలూ, మట్టి మూకుళ్ళూ, ఒక ఎద్దుబండి చక్రమూ తెచ్చి క్లాసులో పెట్టాడు. చక్రం కూడా నాకాడు. "దుమ్ము. ఇది ఉండొచ్చు," అన్నాడు.

మాల్యాద్రి ఊరుకునే మనిషా? ఆదివారం గుడినుంచి వస్తున్న మాస్టరుగారి భార్య సౌభాగ్యమ్మను దోవలో ఆపాడు.

"అమ్మాయ్, మీ ఆయన ఇంట్లో గూడా ఇట్లనే అన్నీ నాకుతాడా?"

"ఇంట్లోనా? ఆయన నోటికి ఇంట్లో ఏదైనా ఒకటే అన్నా! మొన్న పులుసులో ఉప్పు వెయ్యను మరిచినా. రెండుమార్లు వడ్డించుకుని తిన్నాడు. నిన్న మజ్జిగలో పొరపాటున కుడితి నీళ్ళు పడితే, ఈ పూట మజ్జిగ చిక్కగా ఉందే అని మెచ్చుకున్నాడు."

మాల్యాద్రి బుర్రలో లెక్క తేలిపోయింది. ఇంటి పులుసు రుచి తెలియనివాడికి మద్రాసు రంగుల రుచి తెలుస్తుందా? ఇది నాటకం. ఒక కంపెనీ సరుకు వద్దని ఇంకో కంపెనీ దగ్గర ఏదో లాగుతున్నాడు. ఏమి లాగుతున్నాడో ఒక్కటి తెలిస్తే చాలు.

అంతలో జనవరి నెలలో కర్నూలునుంచి తాఖీదు వచ్చింది. ఫిబ్రవరి తనిఖీ నాటికి ఫస్టుఫారం పిల్లలు నలభైమందికీ నీటిరంగుల పెట్టెలు ఉండాలి, ఆ రంగులతో ఇన్స్పెక్టరు ఎదుట బొమ్మ వెయ్యాలి. లేని పక్షంలో డ్రాయింగు క్లాసు ఎత్తివేయబడును. క్లాసు ఎత్తేస్తే మాస్టరు ఉద్యోగమూ ఎత్తేసినట్టే.

కబురందుకుని ఒక కంపెనీ ఏజెంటు మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగి, జట్కాలో మూడు రకాల పెట్టెలు వేసుకుని వచ్చాడు. హెడ్మాస్టరు గదిలో పంచాయితీ. జీవరత్నం మాస్టరు మీసం పైకెత్తాడు. ఏజెంటు బిత్తరపోయి చూస్తుండగా మొదటి పెట్టెలో ఎరుపు నాకాడు.

"తియ్యగా ఉంది."

ఏజెంటు ముఖం వెలిగింది. "తేనె సార్! బిళ్ళ ఎండి పగలకుండా జిగురులో తేనె వేస్తాం. అసలైన తేనె!"

"వద్దు." రెండో పెట్టె నాకాడు. "ఇదీ తీపే. కొంచెం నయం."

"ఇందులో చక్కెర పాకం సార్, తేనె కాదు." ఏజెంటు గొంతు తగ్గింది.

మూడో పెట్టె నిజంగా చూడముచ్చటైనది. అందులో ఆకుపచ్చ, చిలక రెక్కలా మిలమిల మెరుస్తోంది. మాస్టరు దాన్ని నాకి, గోడవైపు తిరిగి ఆలోచించకుండా కిటికీవైపు పరుగెత్తి ఉమ్మేసి, మూడు చెంబుల నీళ్ళు పుక్కిలించాడు.

"ఈ పచ్చ దేంతో చేసినారు?"

"అది కంపెనీ రహస్యం సార్."

"ఆ రెండో పెట్టే ఇవ్వండి. అందులోంచి పచ్చ మాత్రం తీసెయ్యండి."

"పచ్చ లేకుండా చెట్లెట్లా గీస్తారు సార్?"

"పసుపూ నీలమూ కలిపి గీస్తాం. మీ రహస్యం మాకెందుకు?"

కరుణాకరంగారు కణతలు నొక్కుకున్నారు. "నాయనా జీవరత్నం, ఇది బొమ్మలకు కొనే సరుకు. పెళ్ళి భోజనానికి కాదు. ఉద్యోగం పోతుందయ్యా నీది!" మాస్టరు మాత్రం పట్టు విడవలేదు. చివరికి నలభై పెట్టెలు వచ్చాయి. ఒక్కొక్క దాంట్లో పచ్చ ఉండాల్సిన చోట ఖాళీ గుంట. మాల్యాద్రి నలభై గుంటల్లోనూ వేలు పెట్టి చూసుకుని, "ఇంత పచ్చ ఎవరు మింగినట్టు?" అని తనలో తాను గొణుక్కున్నాడు.

పెట్టెలు వచ్చిన మర్నాటినుంచి మాస్టరు రోజూ బడి వదిలాక ఒక గంటసేపు సామాన్ల గది తాళంచెవి అడగసాగాడు. ఇరవై రెండేళ్ళలో ఆ తాళంచెవి ఇంకొకరి చేతికి పోలేదు. హెడ్మాస్టరు చెప్పారు గనక మాల్యాద్రి పళ్ళు నూరుతూ ఇచ్చాడు. ఇచ్చి, వెనక కిటికీ సందులోంచి చూశాడు. మాస్టరు నలభై పెట్టెలూ తెరిచి వరసగా పరిచి, ముంతలోంచి ఏదో నల్లటి నీళ్ళు కుంచెతో తీసి బిళ్ళ బిళ్ళకూ పూస్తున్నాడు. పూసినదాన్ని ఆరనిచ్చి నాకుతున్నాడు. తల అడ్డంగా ఊపి మళ్ళీ పూస్తున్నాడు.

సంతలో ఆకులూ వేర్లూ అమ్మే పుల్లమ్మ దగ్గర ఆ నీళ్ళ గుట్టు తెలిసింది.

"అత్తా, మా డ్రాయింగు మాస్టరు నీ దగ్గర ఏం తీసుకపోయినాడు?"

"నేలవేము, అల్లుడా. రెండు వీశెలు."

"రెండు వీశెలే! ఊరంతటికీ జ్వరమా ఏంది?"

"నేనూ అదే అడిగితి. జ్వరం కాదంట. కట్ట కట్టకూ ఒక ఆకు తుంచి నాకి చూసినాడు. చేదు చాలకపోతే వెనక్కి తెస్తా అన్నాడు. ముప్ఫై ఏండ్లుగా అమ్ముతుండా, చేదు తక్కువైందని నాతో కొట్లాడిన మనిషిని ఇతణ్ణే చూసినా."

మాల్యాద్రి పరుగు పరుగున బడికి వచ్చాడు. "కల్తీ సార్! కొత్త రంగుల నిండా కషాయం పోసినాడు. నా కండ్లారా చూసినా!"

"రేపు పొద్దున బండికి ఇన్స్పెక్టరుగారు దిగుతున్నారు మాల్యాద్రీ. ఇప్పుడు నేను చేసేదేముంది? రేపు ఒక్కరోజు నోరు మూసుకో. నీకు పుణ్యముంటుంది."

మాల్యాద్రి మూసుకున్నాడు. ఆయన చేసిన ఘనకార్యాలన్నిటిలోనూ కష్టమైనది అదే.

ఇన్స్పెక్టరుగారు నవ్వని మనిషి. ఫస్టుఫారంలోకి రాగానే పెట్టె ఒకటి తీసి చూశారు. "పచ్చ ఏది?"

"కలుపుకుంటాం సార్!" నలభై గొంతులు.

బెంచీ చివర ఒక పిల్లవాడు వేసిన మామిడాకు దగ్గర ఆగారాయన. బాగుంది. కొస మాత్రం మొద్దుగా ఉంది. కొస సరిదిద్దుదామని కుంచె తీసుకుని రంగులో ముంచారు. వెంట్రుకలు విచ్చుకున్నాయి. సన్నగా మొన రావాలని, చిన్నప్పటి అలవాటు కొద్దీ, కుంచెను పెదాల మధ్య పెట్టుకుని చుట్టి లాగారు.

ఆయన ముఖం మొదట పొడవైంది. తర్వాత అడ్డమైంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "థూ! ఎవరు? ఎవరీ పని చేసింది?"

"నేను నిన్ననే చెప్పినా సార్! కల్తీ!" మాల్యాద్రి తలుపు వెనకనుంచి ఒక్క గెంతులో ముందుకొచ్చాడు.

కరుణాకరంగారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. జీవరత్నం మాస్టరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నేనే చేసినా సార్. తమరు కుంచె నోట్లో పెట్టుకున్నారు."

"పెట్టుకుంటే? మొన రావడానికి ఎవరైనా పెట్టుకుంటారు!"

"తమరంత పెద్దలే పెట్టుకుంటే, వీళ్ళు పెట్టుకోరా సార్? వీళ్ళు మార్కాపురం పిల్లలు. పలక ఉమ్మితో తుడిచి, బలపం కొరుక్కుతిని అక్షరాలు నేర్చినారు. తెల్లగా ఏది కనపడినా వీళ్ళకు బలపమే. బతిమాలినా, బెత్తం చూపించినా, మానలేదు. గిద్దలూరులో పనిచేసినప్పుడు ఒక పిల్ల, రంగు తియ్యగా ఉందని పచ్చబిళ్ళ మొత్తం తినింది. మూడు దినాలు కక్కుతూనే ఉండె. నాలుగోనాడు లేచి కూర్చుని ఇంకో బిళ్ళ ఉందా సార్ అని అడిగింది. అప్పటినుంచి సార్, రుచి బాగున్నదేదీ నేను బళ్ళోకి రానియ్యను."

ఇన్స్పెక్టరుగారు జేబురుమాలుతో నాలిక తుడుచుకున్నారు. "ఇంత చేదు వెయ్యాలా?"

"తక్కువ వేస్తే అలవాటు చేసుకుంటారు సార్. అందుకే రోజూ నాకి చూసినా. నాకే ఇంక నోట్లో పెట్టబుద్ధి కాని దాకా."

ఇన్స్పెక్టరుగారు క్లాసువైపు తిరిగారు. "అందరూ నాలికలు బయటపెట్టండి!"

నలభై నాలికలు బయటికొచ్చాయి. ఒక్కటంటే ఒక్కదానిమీదా రంగు మరక లేదు. ఇన్స్పెక్టరుగారు రెండు వరసలూ తిరిగి చూసి, "మాస్టరుగారూ, మీది?" అన్నారు.

జీవరత్నం మాస్టరు సిగ్గుపడుతూ నోరు తెరిచాడు. ఎరుపు, నీలం, పసుపు, నీలమూ పసుపూ కలిసిన చోట పచ్చ. క్లాసంతా గొల్లుమంది. నవ్వని ఇన్స్పెక్టరు నవ్వబోయారు గానీ, మూతి ఇంకా వంకర విడవలేదు.

ఆ సందట్లో మాల్యాద్రి ఒక పెట్టె పక్కకు లాగి, వేలు తడిచేసి నీలం బిళ్ళమీద రుద్ది నోట్లో పెట్టుకున్నాడు. ఇంకొకరు చెప్పిన మాట నమ్మే మనిషి కాదు గదా. సాయంత్రం దాకా చెంబు వదలకుండా పుక్కిలిస్తూనే ఉన్నాడు. మర్నాటినుంచి మాత్రం, "బళ్ళో అందరికంటే ముందు ఆ చేదు కనిపెట్టినవాణ్ణి నేను," అని ఎక్కాల పక్కన, పద్యాల పక్కన, దీన్నీ చేర్చుకున్నాడు. తాళంచెవి మాస్టరు అడగకముందే ఇచ్చేవాడు.

వారం తిరిగేసరికి కర్నూలునుంచి ఇంగ్లీషులో నివేదిక వచ్చింది. కరుణాకరంగారు అందరినీ నిలబెట్టి తెలుగు చేసి చదివారు.

"కుర్చీలు కదులుచున్నవి. నల్లబల్ల తెల్లబడినది. డ్రాయింగు క్లాసు కొనసాగించవలెను. రంగులు భరింపరాని చేదు. మిక్కిలి తృప్తికరము."