పక్క సీట్లో లూసీ

షాలేం రాజుకి కాదనడం చేతకాదు. ఆదివారం ఆరాధన అయ్యాక కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ తెలుగు చర్చి మెట్ల మీద ఎవరు ఏం అడిగినా, వాళ్ల మాట పూర్తి కాకముందే "దానికేముంది బ్రదర్, మేం చూసుకుంటాం" అనేస్తాడు. ఆ "మేం"లో ఆయన ఉండడు. ఉండేది ఆయన భార్య లూసీ. ఆయనకి శనివారం పొద్దున్న క్రికెట్ లీగు మరి!

దగ్గర్లోని డబ్లిన్ ఊళ్లో ఉండే నలుగురు పిల్లల్ని ప్రతి శనివారం క్వయర్ ప్రాక్టీసుకి చర్చికి తీసుకెళ్లి, మళ్లీ ఇళ్ల దగ్గర దింపడం ఏళ్ల తరబడి లూసీ పనే. ఆ పిల్లల ఇళ్ల ముందు రెండేసి కార్లుంటాయి. అయినా లూసీ ఆంటీ ఉండగా వాళ్లెందుకు తీస్తారు?

పెళ్లికి ముందు లూసీ భీమవరంలో ఆస్పత్రి ల్యాబులో పనిచేసేది. ఎవరికీ దొరకని నరాన్ని వేలితో తడిమి పట్టుకుని, చంటిపిల్లలు ఏడుపు అందుకునేలోగా రక్తం తీసేసేది. అమెరికా వచ్చాక వీసా అంటూ కొన్నాళ్లు, కూతురు షారన్ చిన్నదంటూ కొన్నాళ్లు గడిచిపోయాయి. ఇప్పుడు షారన్‌కి పదహారు నిండి లైసెన్స్ చేతికొస్తోంది. ఇక పిల్లల్ని తిప్పడం అది చూసుకుంటుందన్న ధైర్యంతో లూసీ ఒక కాలేజీలో రక్తం తీసే కోర్సులో చేరింది. ప్రాక్టికల్స్ శనివారం పొద్దున్నే. రెండు క్లాసులు పోతే ఊరుకుంటారు. మూడోది పోతే పేరు తీసేస్తారు.

లైసెన్స్ వచ్చిన వారమే షాలేం రాజు చర్చి మెట్ల మీద ప్రకటించేశాడు, ఇక మా షారనే పిల్లల్ని తెస్తుందని. ఇంటికెళ్లే దారిలో షారన్ నోరు విప్పింది.

"డాడీ, నేను వాళ్లని తీసుకురాలేను. నాది ప్రొవిజనల్. వన్ ఇయర్ వరకు ట్వంటీ లోపు ఎవరినీ ఎక్కించుకోకూడదు. ఎక్కించుకోవాలంటే పక్కన ట్వంటీ ఫైవ్ దాటిన డ్రైవర్ ఉండాలి, లైసెన్స్‌తో."

"ఏముందీ, మమ్మీ కూర్చుంటుంది."

లూసీకి ఒళ్లు మండింది. "అంటే నాకు డ్రైవర్ పని పోయి క్లీనర్ పని వచ్చిందన్నమాట! నా క్లాసు ఏం కావాలండీ?"

"మాటిచ్చేశాను లూసీ. ఇప్పుడు కాదంటే ఏం బాగుంటుంది చెప్పు? రెండు వారాలు సర్దుకో, తర్వాత చూద్దాం."

సర్దుకుంది. రెండు శనివారాలు పక్క సీట్లో చేతులు కట్టుకుని కూర్చుంది. మూడో శనివారం మాత్రం పుస్తకాల సంచీ భుజాన వేసుకుని నిలబడింది. "ఇవాళ మీరు కూర్చోండి."

"సెమీఫైనల్ లూసీ!" అంటూనే షాలేం రాజు సోఫా వైపు చూశాడు. అక్కడ ఆయన తండ్రి దైవాశీర్వాదం గారు కాఫీ తాగుతున్నారు. నరసాపురంలో హిందీ మాస్టారుగా రిటైరై, ఆరు నెలలు కొడుకు దగ్గర ఉండటానికి వచ్చారు. "నాన్న ఉన్నారుగా! పాతికేళ్లు దాటలేదా ఏంటి? లైసెన్స్ కూడా ఉంది."

నిజంగానే ఉంది. పర్సులోంచి తీసి చూపించారు పెద్దాయన. "అంబాసిడర్ నడిపినవాణ్ణమ్మా. నేను పక్కనుండగా పిల్లకి భయమేంటి?"

ఆంధ్రా లైసెన్స్ ఇక్కడ చెల్లుతుందా అని లూసీకి అనుమానం వచ్చింది. కానీ క్లాసుకి టైమైంది. పైగా పెద్దాయన అంత సంబరంగా బూట్లు వేసుకుంటుంటే కాదనడానికి ఆవిడకీ నోరు రాలేదు. షాలేం రాజు ఆవిణ్ణి కాలేజీ దగ్గర దింపి గ్రౌండుకి వెళ్లిపోయాడు.

క్లాసులో ప్రాక్టీసుకని ఇచ్చిన ప్లాస్టిక్ చేతికి లూసీ సూది గుచ్చబోతుండగా షారన్ ఫోన్ చేసింది. ఏడుస్తోంది.

"మమ్మీ, పోలీస్ ఆపాడు. స్టాప్ సైన్ దగ్గర ఫుల్‌గా ఆగలేదు నేను. తాతయ్య 'పోనీ పోనీ, ఎవరూ లేరు' అన్నారు. తాతయ్య లైసెన్స్ ఇక్కడ కౌంట్ కాదంట. ఫైన్ టికెట్ రాశాడు. కాలిఫోర్నియా లైసెన్స్ ఉన్నవాళ్లు ఎవరన్నా రావాలంట."

షాలేం రాజు ఫోన్ ఎత్తలేదు. ఎలా ఎత్తుతాడు, అది కిట్ బ్యాగులో ఉంటే! నలుగురు పిల్లల తల్లిదండ్రుల్లో ఒకరు నిద్ర లేవలేదు, మిగతావాళ్లు పిల్లల్ని ఎక్కించగానే ఎటో వెళ్లిపోయారు. ఇప్పుడు వెళ్తే ఈ రోజు రానట్టే లెక్క అని టీచరు మెల్లగా గుర్తుచేసింది. లూసీ గ్లోవ్స్ తీసి చెత్తబుట్టలో వేసి, క్యాబ్ ఎక్కింది.

రోడ్డు పక్కన వ్యాన్‌లో పిల్లలు చిప్స్ తింటున్నారు. పెద్దాయన లైసెన్స్ ఇంకా చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు. "నాది చెల్లదంటాడమ్మా" అన్నారు, దోషిలాగా. ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా లూసీకి రాలేదు. ఆయన వెనక సీట్లోకి మారితే తను పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. "పద" అంది షారన్‌తో. సాయంత్రానికి కాలేజీ నుంచి మెయిల్ వచ్చింది. పేరు తీసేశారు.

మర్నాడు చర్చిలో, దేవుడు చేసిన మేళ్ల గురించి సాక్ష్యాలు చెప్పే సమయానికి షాలేం రాజు మైకు అందుకున్నాడు. తన కూతుర్ని దేవుడు పెద్ద ఆపద నుంచి తప్పించాడన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. ఆయన కూర్చోగానే లూసీ లేచింది. ఇన్నేళ్లలో ఆవిడ ఎప్పుడూ సాక్ష్యం చెప్పలేదు. షాలేం రాజు మురిసిపోయి మైకు తనే అందించాడు.

"అందరికీ వందనాలు. నిన్న కోర్సులోంచి నా పేరు తీసేశారు. దానికి దేవుణ్ణి నేనేమీ అనను. జనవరిలో మళ్లీ మొదట్నించీ చేరతాను." మైకుని ఇంకాస్త దగ్గరికి తీసుకుంది. "మా షారన్ ఏడాదిపాటు ఎవరి పిల్లల్నీ ఎక్కించుకోదు. దాని పక్కన నేను కూర్చోను. దేవుడి దయవల్ల మీకందరికీ కార్లున్నాయి. వచ్చే శనివారం నుంచి ఎవరి పిల్లల్ని వాళ్లే తెచ్చుకుంటారు. తెచ్చుకోలేనివాళ్ల పిల్లల్ని మా ఆయన తెస్తారు, క్రికెట్ మానుకుని. ఆమేన్?"

అందరికంటే ముందు, మాట పూర్తిగా వినకుండానే, ఎప్పటి అలవాటుకొద్దీ గట్టిగా "ఆమేన్!" అన్నది షాలేం రాజే.